పిల్లల చేతిలో సెల్లు: ఏటేటా మారే కారణం

(గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి స్మృతిలో కోడుమూరులో చేసిన ఉపన్యాసం)



గాడిచర్ల వారి పేరు మీద జరిగే సభలో గ్రంథాలయోద్యమం గురించో, రాయలసీమ చరిత్ర గురించో మాట్లాడటం రివాజు. నేను సెల్‌ఫోను గురించి మాట్లాడతానన్నాను. దానికి కారణం ఆయన చేసిన పనిలోనే ఉంది. హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులో పుట్టారు. 1907లో రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో చదువుతూ వందేమాతరం ఉద్యమంలో దిగినందుకు ఆయన్ని కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడు ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలుపాలు చేశారు. ఆ తరవాత ఆయన తన శక్తిలో ఎక్కువ భాగం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ధారపోశారు. ఈ రెండు పనుల్లో దిగినవాళ్లకు తొందరగానే అర్థమయ్యే సంగతి ఒకటుంది. మనిషికి అక్షరంతో ఏం పని పడిందో తెలియకుండా అక్షరం నేర్పలేం. భూమి కాగితం తానే చదువుకోవాలని ఒకడు రాత్రి బడికి వస్తాడు. మిలిటరీలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోవడం ఇష్టం లేక ఒక తల్లి వస్తుంది. ఉత్తరం కోసం వచ్చిన ఆ తల్లి ఆర్నెల్లు తిరిగేసరికి పత్రిక కావాలంటుంది, ఇంకో ఏడాదికి కథల పుస్తకం అడుగుతుంది. మనిషి అదే, అక్షరమూ అదే, వచ్చిన పని మాత్రం మారింది. ఆ మార్పును కనిపెట్టినవాడే మంచి గ్రంథపాలకుడు.

సెల్‌ఫోను విషయంలో మనం ఆ పని చేయడం లేదు. నేను పనిచేసిన బడుల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా ఒకే మాట వినపడేది: “మావోడు సెల్లు ఇడ్సడం లేదు సార్, మీరన్నా చెప్పండి.” సెల్లులో ఏం చేస్తున్నాడని అడిగితే, “ఏమో సార్, పొద్దస్తమానం అదే పని” అనేవాళ్లు. ఎన్ని గంటలు చూస్తున్నాడో ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎందుకు చూస్తున్నాడో ఎవరూ చెప్పలేరు. పోయినేడు చూసిన కారణం వేరు, ఈ ఏడు చూస్తున్న కారణం వేరు అన్న ఆలోచనే రాదు. పన్నెండేళ్లప్పుడు సెల్లు తీసిన కారణం పదిహేనేళ్లకు ఉండదు. పదిహేనేళ్లప్పటిది పద్దెనిమిదికి ఉండదు. పెద్దవాళ్లం మాత్రం ఒకే కోపంతో, ఒకే కట్టడితో ఆరేడేళ్లు నెట్టుకొస్తాం. అందుకే మన కట్టడి ఎప్పుడు చూసినా పిల్లవాడు వదిలేసిపోయిన కారణం మీదే పడుతుంది. వాడు అప్పటికే ఇంకో చోట ఉంటాడు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. సెల్‌ఫోను పుట్టకముందే, రేడియో కాలంలోనే, పండితులు ఈ ప్రశ్న వేసుకున్నారు. 1940ల్లో అమెరికాలో హెర్టా హెర్జోగ్ అనే పరిశోధకురాలు పగటిపూట రేడియో సీరియళ్లు వినే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, అవి ఎందుకు వింటున్నారని అడిగింది. ఆ సీరియళ్లు చవకబారువని పట్నం పెద్దలు కొట్టిపారేస్తున్న రోజులవి. వినేవాళ్లకు మాత్రం రకరకాల కారణాలున్నాయి. కొందరికి మనసారా ఏడవడానికి అదొక సందు. కొందరికి తమకు దక్కని జీవితాన్ని ఊహించుకునే గంట. ఇంకొందరు ఇంటివాళ్లతో ఎలా మెలగాలో ఆ పాత్రల దగ్గర నేర్చుకుంటున్నారు. 1970ల్లో కాట్జ్, బ్లమ్లర్, గురెవిచ్ ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. రేడియో, టీవీ మనిషిని ఏం చేస్తున్నాయని అడిగితే సరిపోదు, మనిషి వాటితో ఏం చేసుకుంటున్నాడని కూడా అడగాలన్నారు. అదే దశకంలో ఆలన్ రూబిన్ తొమ్మిది, పదమూడు, పదిహేడేళ్ల పిల్లలను టీవీ ఎందుకు చూస్తారని అడిగి జవాబులు పోగుచేశాడు. నేర్చుకోవడానికి, పొద్దుపోక, తోడు కోసం, బాధ మరిచిపోవడానికి, ఉత్సాహం కోసం, అలసట తీరడానికి, అలవాటు కొద్దీ. పిల్లల నోటి నుంచి వచ్చిన కారణాలివి. వయసుతో పాటు వీటి బరువు మారుతుంది. ఇందులో చివరిది, అలవాటు, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ఇక మన ఊరి సంగతి. కోడుమూరు ప్రాంతంలో, ఇటు గూడూరు, సి.బెళగల్, అటు గోనెగండ్ల, దేవనకొండ మండలాల్లో, పిల్లల చేతికి స్మార్ట్‌ఫోను ఏ దారిన వచ్చిందో గుర్తు చేసుకుందాం. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. 2017 మార్చి చివరిదాకా డేటా ఉచితం. అంతకుముందు ఒక్క సినిమా పాట డౌన్‌లోడ్ చేయాలంటే మెమొరీ కార్డు పట్టుకుని సెల్లు షాపుకు పోయి డబ్బులిచ్చి ఎక్కించుకొచ్చేవాళ్లం. ఆ ఏడాది పాటలూ సినిమాలూ ఇంటికే వచ్చాయి. అయినా ఫోను నాయనదే. ఆయన పొలం నుంచో, మగ్గం గుంత నుంచో, మార్కెట్ యార్డు నుంచో వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు, అరగంట పిల్లల చేతికి వచ్చేది. ముగ్గురు పిల్లలు ఒక తెర మీద తలలు పెట్టి చూసేవాళ్లు. అప్పటి కారణం సాదాసీదా సంబరం. అందులో దాపరికం లేదు, ఒంటరితనమూ లేదు.

మన ప్రాంతంలో దీనికంటే లోతైన కారణం ఇంకొకటుంది. బయటివాళ్లు రాసిన వ్యాసాల్లో అది నాకు కనపడలేదు. వానలు మొహం చాటేసిన ఏడు, ఇక్కడి నుంచి, ఆలూరు, పత్తికొండ, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి వేల కుటుంబాలు గుంటూరు జిల్లాకు సుగ్గికి పోతాయి. ముందు పత్తి తీతకు, తరవాత మిరప కోతకు. పిల్లలను వెంట తీసుకుపోతే బడి పోతుంది. వదిలిపోతే అవ్వ దగ్గరో, బడిలో పెట్టే సీజనల్ హాస్టల్లోనో ఉండాలి. ఇలా వదిలిపోయేటప్పుడు చాలా ఇళ్లలో ఒక సెల్లు కూడా వదిలిపోతారు. అమ్మ గొంతు వినడానికి. పొద్దున మిరప చేలోకి దిగకముందు ఒకసారి, రాత్రి గుడిసెకు చేరాక ఒకసారి. పదకొండు పన్నెండేళ్ల ఆడపిల్లకు సెల్లు చేతికి వచ్చిన మొదటి కారణం అది. తమ్ముడికి జ్వరమొచ్చిందనో, బియ్యం అయిపోయాయనో, అవ్వకు మోకాళ్ల నొప్పులనో చెప్పే బాధ్యత ఆ పిల్లది. ఫోను ఆ వయసులో ఆమెకు ఇంటి పెద్దరికంతో పాటు వచ్చింది.

అమ్మానాన్నలు ఉగాది నాటికి తిరిగొస్తారు. ఫోను మాత్రం పిల్ల దగ్గరే ఉంటుంది. ఈ నాలుగు నెలల్లో ఆ పిల్ల ఏం చేసింది? అమ్మ వీడియో కాల్ కోసం డేటా వేయించింది. కాల్ అయిపోయాక మిగిలిన డేటాతో పాటలు చూసింది. పాటల మధ్య గోరింటాకు డిజైన్లు కనపడ్డాయి. అవి నేర్చుకుని పక్కింటి పెండ్లికి పెట్టింది. అమ్మ కోసం వచ్చిన సెల్లు గోరింటాకు కోసం నిలిచింది. తల్లి తిరిగొచ్చి, “నేనొచ్చినా కదా, ఇంక నీకు సెల్లు ఎందుకే?” అంటుంది. ఆమెకు తెలిసిన కారణం నిజంగానే అయిపోయింది. పిల్లకు ఇంకొకటి మొదలైంది. ఇంట్లో గొడవ అక్కడ పుడుతుంది. తప్పు ఇద్దరిలో ఎవరిదీ కాదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. అప్పుడు మనమే, బడివాళ్లమే, ప్రభుత్వమే, పిల్లల చేతిలో సెల్లు ఉండాలన్నాం. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి పాఠాలు వచ్చాయి. వాట్సాప్ గ్రూపుల్లో హోంవర్కు పంపాం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు మళ్లీ బడి మెట్లెక్కింది నవంబరు 2న. ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ పదో తరగతి పిల్లలు పరీక్షలే లేకుండా పాసయ్యారు. ఆ రోజుల్లో మేకను అమ్మి, కమ్మలు కుదువబెట్టి సెల్లు కొన్న తల్లిదండ్రులు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. చదువు కోసమే కొన్నారు. వాళ్ల నమ్మకం నిజమైనదే. కానీ చదువు కోసం అని చెప్పి ఇచ్చిన వస్తువుతో, బడి లేక, ఆట లేక, స్నేహితుడి ఇంటికి పోయే దారి లేక ఇంట్లో కూర్చున్న పధ్నాలుగేళ్ల పిల్లవాడు రోజంతా చదువే చేస్తాడని ఎవరు నమ్మగలరు? పాఠం అరగంట, మిగతా గంటలన్నీ ఖాళీ. ఆ గంటల్లో వాడికి కావలసింది స్నేహితులు. వాళ్లు పబ్‌జీలో ఉన్నారు. ఆటలో తుపాకీ శబ్దం మనకు వినపడింది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో పక్క వీధి పిల్లల మాటలు, నవ్వులు మనకు వినపడలేదు.

ఆ ఏడే కేంద్రప్రభుత్వం జూన్ 29న టిక్‌టాక్‌ను, సెప్టెంబరు 2న పబ్‌జీని నిషేధించింది. దేశభద్రత దానికి చెప్పిన కారణం, దాని మంచిచెడ్డలు నేను మాట్లాడను. నేను చూసింది తరవాత జరిగిన దాన్ని. టిక్‌టాక్ పోయిన పది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. పబ్‌జీ ఆడేవాళ్లు ఫ్రీఫైర్‌కు పోయారు. 2021 జులైలో పబ్‌జీయే బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీఫైర్‌నూ నిషేధించారు. పిల్లలు చుట్టుతిరిగి మళ్లీ బీజీఎంఐ దగ్గర తేలారు. యాప్ మారింది, కారణం మారలేదు: తోటివాళ్లు ఉన్నచోట తానూ ఉండాలి. యాప్‌ను తీసేస్తే కారణం తీరదు. అది ఇంకో ఇల్లు వెతుక్కుంటుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమలు చేస్తోంది. అక్కడ కంపెనీల మీద బాధ్యత పెట్టారు, అది మంచిదే. కానీ పద్నాలుగేళ్ల పిల్లకు ఆ ఖాతా ఏ లోటు తీర్చిందో ఆ లోటును చట్టం తీర్చదు. తీర్చాల్సింది ఇల్లూ, ఊరూ.

పధ్నాలుగు, పదిహేను, ఈ రెండేళ్ల గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నేను చూసిన మార్పుల్లో ఇదే పెద్దది. ఏడో తరగతి దాకా పిల్లలు సెల్లులో బయటి ప్రపంచాన్ని చూస్తారు. కార్టూన్లు, ఆటలు, సినిమా ఫైట్లు, జేసీబీ వీడియోలు. ఎనిమిది దాటాక తమను తాము చూసుకోవడం మొదలవుతుంది. డీపీ మార్చాలి. స్టేటస్ పెట్టాలి. పెట్టాక ఎవరు చూశారో చూడాలి. ఎవరు చూసీ ఏమీ అనలేదో అది మనసులో పెట్టుకోవాలి. మనకు ఇదంతా పనిలేని పని. వాళ్లకు అది ఆ వయసు అడిగే అసలు ప్రశ్న: నేను ఎవరిని, నలుగురిలో నా చోటు ఏది? మన కాలంలో ఆ ప్రశ్నకు జవాబు తిరునాళ్లలో, కబడ్డీ ఆటలో, కొత్త చొక్కాతో సినిమా హాలు ముందు నిలబడటంలో వెతుక్కున్నాం. అప్పుడూ ఎవరు చూశారో లెక్కపెట్టుకున్నాం. ఇప్పటి పిల్లలకు ఆ లెక్క అంకెల్లో కనపడుతుంది, రాత్రి పదకొండింటికి కూడా కనపడుతుంది. తేడా అక్కడుంది, ఆ తేడా చిన్నది కాదు. స్టేటస్ కింద ఎవరో పెట్టిన ఒక వెక్కిరింపుతో మూడు రోజులు బడికి రాని పిల్లను నేను చూశాను. ఇంట్లో కడుపునొప్పి అని చెప్పింది. అసలు సంగతి వాళ్లమ్మకు ఎప్పటికీ తెలియలేదు.

అసర్ సర్వే వాళ్లు 2024లో దేశమంతా పల్లెల్లో తిరిగి పద్నాలుగు నుంచి పదహారేళ్ల పిల్లలను అడిగారు. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవాళ్లు 82 శాతం. అడిగిన రోజుకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కొందరు తలకొట్టుకుంటారు. నాకు 57 మంచి అంకెగానే కనపడుతుంది. నూటికి యాభైఏడు మంది పల్లె పిల్లలు వారంలో ఒక్కసారైనా సెల్లును పాఠానికి తీశారంటే, పట్టుకోవలసిన కొస అది. నన్ను ఆలోచనలో పడేసిన అంకె ఇంకొకటి. సెల్లు వాడటం వచ్చిన వాళ్లలో, సొంత ఫోను ఉన్నవాళ్లు పద్నాలుగేళ్లకు 27 శాతం, పదహారేళ్లకు 37.8 శాతం. రెండేళ్లలో నూటికి పదిమందికి పైగా అరువు సెల్లు నుంచి సొంత సెల్లుకు మారిపోతున్నారు. ఫోను సొంతమైన రోజు కారణాలన్నీ మారతాయి. అరువు ఫోనులో చూసేది ఎవరైనా చూడదగ్గది. సొంత ఫోనుకు ప్యాటర్న్ లాక్ ఉంటుంది. సొంత చోటు అనేది లేని ఇంట్లో, ఒకే గదిలో మగ్గమూ మంచమూ పొయ్యీ ఉన్న ఇంట్లో, పదహారేళ్ల మనిషికి తలుపు వేసుకునే వీలున్న ఒకే ఒక్క గది ఆ సెల్లు. లాక్ చూసి తండ్రికి అనుమానం పుడుతుంది. నేను చెప్పేదేమిటంటే, ఆ లాక్‌లో దొంగతనం కంటే ఎదుగుదల ఎక్కువ ఉంది.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పకపోతే ఈ ఉపన్యాసం సగమే అవుతుంది. అదే సర్వేలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు 36.2 శాతం, ఆడపిల్లలు 26.9 శాతం. అంతకు ముందటి ఏడు, 2023లో, కొన్ని ఎంచుకున్న జిల్లాల్లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లను అడిగితే మగపిల్లలు 43.7, ఆడపిల్లలు 19.8. ఆ రెండు సర్వేల పరిధులు వేరు, నేరుగా పోల్చకూడదు. అయినా ఒకటి చెప్పవచ్చు. మగపిల్లవాడికి వయసు పెరిగే కొద్దీ ఫోను దగ్గరవుతుంది. ఆడపిల్లకు వయసు పెరిగే కొద్దీ ఫోను మీద కాపలా పెరుగుతుంది. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లి అయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. “సెల్లు ఉంటే పిల్ల చెడిపోతుంది” అనే మాటకూ ఈ అంకెకూ సంబంధముందని నేను నమ్ముతాను. సెల్లు లాక్కోవడం, బడి మాన్పించడం, సంబంధం చూడటం, ఈ మూడూ ఒక నెలలో జరిగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఆడపిల్ల అమ్మ ఫోనులోనే తన పని చేసుకుంటుంది, చూసింది చెరిపేస్తుంది. ఇందులో చెరపవలసింది ఏముందో ఒకసారి చూడండి. మగ్గం వర్కు బ్లౌజు కుట్టే విధానం. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటుకు పదో తరగతిలో ఎన్ని మార్కులు కావాలో. నెలసరి నొప్పికి ఏం చేయాలో. అడగడానికి మనిషి లేక సెల్లును అడిగిన ప్రశ్నలివి. మన ఊరి మగ్గాల మీద గద్వాల రకం చీరలు నేసే ఇళ్లలో, చీర అంచు ఫొటో తీసి వాట్సాప్‌లో బేరగాళ్లకు పంపేది ఎక్కువగా ఆ ఇంటి ఆడపిల్లే. ఇంటి వ్యాపారానికి పనికొచ్చినంత సేపు ఆమె చేతిలో ఫోను ఎవరికీ తప్పుగా కనపడదు. ఫొటో పంపాక ఇంకో అయిదు నిమిషాలు ఉంచుకుంటే తప్పవుతుంది. ఆ అయిదు నిమిషాలను ఆ పిల్ల కాపాడుకోవడానికి పడే పాట్లు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పాయల్ అరోరా అనే పండితురాలు 2019లో రాసిన పుస్తకంలో పేదల ఇంటర్నెట్ గురించి ఒక సంగతి గట్టిగా చెప్పింది. పేదవాళ్లు ఇంటర్నెట్‌ను చదువుకూ ఉద్యోగానికీ పంటల ధరలకూ మాత్రమే వాడతారని పెద్దలు ఆశిస్తారు. వాళ్లు మాత్రం ముందు వినోదానికి వాడతారు, ఉన్నవాళ్లు వాడినట్టే. దీన్ని తప్పు కింద జమకట్టడం అన్యాయం. కర్నూలు పిల్లవాడు, కోడుమూరు పిల్లవాడు, అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లవాడు ఒకే రీల్‌కు నవ్వుతున్నారు. కర్నూలు పిల్లవాడికి స్టేడియం ఉంది, కోచింగ్ ఉంది, సాయంత్రం పోవడానికి చోటు ఉంది. కోడుమూరు చుట్టుపక్కల పల్లెలో చివరి బస్సు పోయాక ఏముంది? బడి మైదానంలో కంపచెట్లు. ఆ సాయంత్రానికి మనం ఏం పెట్టామని సెల్లును తిడుతున్నాం?

పదో తరగతి దాటాక కథ త్వరత్వరగా నడుస్తుంది. మంచి మార్కులు వచ్చినవాళ్లు కర్నూలు, విజయవాడ కాలేజీ హాస్టళ్లకు పోతారు. అక్కడ ఫోను ఉండనివ్వరు, ఆదివారం వార్డెన్ ఫోనులో అయిదు నిమిషాల మాట. సెల్లు మళ్లీ అమ్మ గొంతు వినే వస్తువు అవుతుంది, సుగ్గి రోజుల్లో లాగే. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్లు సెల్లు మీద పడటం చూసి తల్లిదండ్రులు బెంబేలెత్తుతారు. రెండు రోజులు ఓపిక పడితే అది తగ్గుతుంది. ఊళ్లోనే ఉండి ప్రభుత్వ జూనియర్ కాలేజీకి పోయేవాళ్లకు మాత్రం పదిహేడో ఏట కారణం గట్టిగా మలుపు తిరుగుతుంది. పని. అగ్నివీర్ ర్యాలీ ఎప్పుడు, 1600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో పరుగెత్తాలి, కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తుందా, బెంగళూరులో డెలివరీ పనికి ఏం కావాలి. నాయనకు ఫోన్‌పే నడిపేది, ఈ-పంట నమోదైందో లేదో చూసేది, అవ్వ పింఛన్ సంగతి కనుక్కునేది కూడా వీళ్లే. ఇంటికి ఆసరాగా నిలబడే వయసులో సెల్లు వాళ్ల చేతిలో పనిముట్టు అవుతుంది. వాళ్లనూ ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని తిట్టినట్టే, “పొద్దస్తమానం సెల్లేనా?” అంటాం.

అదే వయసులో, అదే సంపాదన కోరికలోంచి, ఇంకో దారి తెరుచుకుంటుంది. బెట్టింగు, రంగులు చెప్పే ఆటలు, రమ్మీ, వాటికి డబ్బు లేకపోతే లోన్ యాప్. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఉండాలి, గట్టిగా అమలు కావాలి. అయినా ఈ ఆటల్లో దిగిన పిల్లవాడిని నేను ఎప్పుడు కదిలించినా వాడు ఆట గురించి మాట్లాడలేదు. నాయన అప్పు గురించి మాట్లాడాడు. ఉల్లిగడ్డ యార్డులో ధర లేక పొలంలోనే వదిలేసిన ఏడు గురించి మాట్లాడాడు. ఒక్క రాత్రిలో ఆ అప్పు తీర్చేద్దామనుకున్నాడు.

అలవాటు గురించి తరవాత చెబుతానన్నాను. 1945లో న్యూయార్కులో పత్రికలు పంచేవాళ్లు సమ్మె చేశారు. రెండు వారాల పైచిలుకు పత్రిక ఇంటికి రాలేదు. బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు, పత్రిక లేక మీకు ఏం లోటైందని జనాన్ని అడిగించాడు. దేశవ్యవహారాలు తెలియడం లేదని చాలామంది చెప్పారు. ఏ వ్యవహారమని గుచ్చి అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ. వాళ్లకు లోటైంది పొద్దున్నే కాగితం చేతిలో ఉండటం, ఆ చదివే పని. కారణం ఎప్పుడో పోయింది, చేయి మాత్రం చాపుకుని ఉంది. సెల్లుకూ ఈ దశ వస్తుంది, ఏ వయసులోనైనా రావచ్చు. పిల్లవాణ్ని “ఇప్పుడెందుకు తీశావు రా?” అని మెల్లగా అడిగితే తెల్లమొహం వేస్తాడు. అబద్ధం కాదు, వాడికి నిజంగా తెలియదు.

న్యూయార్కు పత్రికకు చివరి పేజీ ఉండేది. సెల్లుకు లేదు. వేలితో తోస్తుంటే అంతం లేకుండా వచ్చే పేజీని 2006లో రూపొందించిన డిజైనర్లలో అజా రాస్కిన్ ఒకడు. తరవాత కొన్నేళ్లకు దాని ఫలితం చూసి ఆయనే బాధపడ్డాడు. ఒక వీడియో అయ్యేలోపే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఎప్పుడో ఒకసారి నచ్చింది వస్తుంది, ఆ ఒక్కదాని ఆశతో వేలు ఆగదు. అంటే ఈ దశలో పిల్లవాడి కారణం ఖాళీ అయిపోయి, ఆ ఖాళీలో కంపెనీ కారణం వచ్చి కూర్చుంది. కంపెనీకి కావలసింది వాడి సమయం. నేను సెల్లు మీద నిజంగా కోపం తెచ్చుకునేది ఇక్కడ ఒక్కచోటే. ఆటకు తీసినా, స్నేహానికి తీసినా, ప్రేమకు తీసినా, పిల్లవాడు తనకోసం తీశాడు. ఇక్కడ మాత్రం వాడు ఎవరికోసమో పనిచేస్తున్నాడు, కూలి లేకుండా.

కాబట్టి గంటలు లెక్కపెట్టి ప్రయోజనం లేదు. రెండు గంటలు రన్నింగ్ వీడియోలు చూసి తెల్లారి అయిదింటికి హంద్రీ ఒడ్డున పరుగెత్తే పిల్లవాడూ, రెండు గంటలు ఏం చూశాడో చెప్పలేని పిల్లవాడూ లెక్కలో ఒకటే అవుతారు. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఉగాదికో, బడి తెరిచే జూన్‌లోనో, ఏడాదికి ఒకసారి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఏడు నీకు సెల్లుతో ఏం పని ఉందమ్మా అని అడగండి. తిట్టే గొంతుతో కాకుండా, పంట పెట్టుబడి లెక్క మాట్లాడుకునే గొంతుతో. చెప్పినదాన్ని బట్టి డేటా, సమయం, చోటు ఇద్దరూ కలిసి తేల్చుకోండి. పన్నెండేళ్లకు పెట్టిన నియమాన్ని పదహారేళ్లకు మార్చండి. రాత్రి నిద్రపోయే చోట సెల్లు ఉండకూడదన్న నియమం ఒక్కటి మాత్రం ఏ వయసుకైనా మార్చవద్దు, మీరూ పాటించండి.

బడివాళ్లం మన మాట మనం చూసుకోవాలి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి రాష్ట్రమంతటా అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచాం. 2025 నుంచి హాల్‌టికెట్లూ ఫలితాలూ వాట్సాప్‌లో కూడా ఇస్తున్నాం. పొద్దున ప్రార్థనలో “సెల్లు ముట్టవద్దు” అని చెప్పి మధ్యాహ్నం గ్రూపులో హోంవర్కు పెడితే, పిల్లవాడు మన రెండు మాటల్లో దేన్నీ నమ్మడు. ఏ పని కోసం ఎంతసేపు అన్నది మనమే స్పష్టంగా చెప్పాలి.

గ్రంథాలయం విషయంలో నాకు ఒక కోరిక ఉంది. మన రాష్ట్రంలో గ్రంథాలయ పన్ను ఇంటి పన్నుతో పాటు కడుతున్నాం. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం నుంచి ఈ సీమ ప్రజలు కడుతూనే ఉన్నారు. ఆ డబ్బుతో నడిచే గదిలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక బల్ల పిల్లల సెల్లు పనికి కేటాయించాలి. వైఫై ఉండాలి. దరఖాస్తు నింపడం, నోటిఫికేషన్ నిజమో దొంగదో తేల్చడం, పాఠం వెతకడం తెలిసిన ఒక మనిషి ఉండాలి. రిటైరైన ఉపాధ్యాయులం వారానికి ఒకరోజు చొప్పున కూర్చుంటాం, నాది శుక్రవారం రాసుకోండి. ఆడపిల్లలకు ఆదివారం పొద్దున వేరే సమయం, ఒక ఉపాధ్యాయురాలు ఉండేలా చూడాలి. వచ్చినవాళ్లు పుస్తకంలో పేరు రాయనక్కరలేదు. వయసు, వచ్చిన పని రాస్తే చాలు.

తల్లిదండ్రులకు ఇంకొక్క మాట. కూతురి చేతిలోంచి సెల్లు లాక్కున్న రోజున ఆమె బడి కూడా ఆగిపోతుందేమో ఒకసారి చూసుకోండి. అలాంటి సంగతి మీ వీధిలో కనపడితే ఆమె టీచరుకు చెప్పండి, అంగన్‌వాడీ అక్కకు చెప్పండి, లేదా 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు, ఏ ఫోను నుంచైనా పలుకుతుంది.

నేను చెప్పదలచుకున్నది చెప్పాను. ప్రశ్నలకు అరగంట సమయం ఇచ్చారు. పెద్దలు దయచేసి మొదటి పావుగంట ఆగాలి. వెనక వరుసల్లో ఉన్న పిల్లలు ముందు మాట్లాడాలి. నేను చెప్పిన కారణాల్లో మీకు సరిపోనివి ఏవో, నేను వదిలేసినవి ఏవో చెప్పండి. మైకు అటు పంపండి.